సమస్య: నీరు పోసి కడుగ నిప్పు పుట్టె

కర్నూలు (సమస్య ఇచ్చినవారు):
ఈ వారం పాదం పైన ఉన్నదే. ఆటవెలది నాలుగో పాదం, ఐదూ సూర్య గణాలు, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరడం) నీ-ని. నీళ్లు పోస్తే నిప్పు ఆరాలి గానీ పుట్టడమేంటి? ఆ విరోధాన్ని మిగతా మూడు పాదాల్లో మీరు తీర్చాలి.

విషయం కూడా ఇస్తున్నాను. నీళ్లతో చల్లబరిచే కంప్యూటర్లు, వాటిని విప్పి శుభ్రం చేసే పని. ఈ పని చూడనివాళ్ల కోసం రెండు మాటలు. ప్రాసెసర్ నెత్తిన ఒక రాగి బ్లాకు కూర్చుంటుంది. దాని లోపల సన్నటి రాగి రెక్కలు, వాటి మధ్య మిల్లీమీటరు కూడా లేని సందులు. పంపు ఆ సందుల్లోంచి నీటిని తోస్తుంది. వేడెక్కిన నీరు గొట్టాల గుండా రేడియేటర్‌కు పోతుంది, అక్కడ ఫ్యాన్లు ఆ వేడిని గాలికి వదిలేస్తాయి, నీరు మళ్లీ బ్లాకుకు వస్తుంది. రేడియేటర్ ఎంత పెద్దదైనా నీటిని గది వేడి కంటే కిందికి దించలేదు. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటాక ఆ దారిలో ఏ కాస్త అడ్డం పడినా ప్రాసెసర్ ఊరుకోదు.

ఒక్క షరతు. పద్యంలో చెప్పిన కారణం పనిలో కూడా నిజం కావాలి. గణాలు కుదిరినంత మాత్రాన విరోధం తీరినట్టు కాదు.

నంద్యాల:
అన్నా, మొదటి పూరణ నాదే.

బోరు నీరు పట్టి పోసిన లోపల
సున్నమంటుకొనియె సూది సందు
లందు, వేడి పోదు, లాభమేమున్నది
నీరు పోసి కడుగ నిప్పు పుట్టె

కర్నూలు:
భేష్. బో-పో, సు-సూ, ల-లా, యతులన్నీ చక్కగా పడ్డాయి. "సందు" దగ్గర పాదం విరిగి "లందు" కింది పాదంలోకి జారడం కూడా నాకు నచ్చింది. చదివేవాడి ఊపిరి కూడా అక్కడ సందులో ఇరుక్కున్నట్టే ఉంటుంది.

కారణం నూటికి నూరు పాళ్లు నిజం. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు వైపు అంతా సున్నపురాయి నేల. బెలుం గుహలు పుట్టింది ఆ రాయి నీళ్లలో కరిగే కదా. అదే సున్నం బోరు నీళ్లలోనూ ఉంటుంది. నీరు వేడెక్కేకొద్దీ అది పేరుకుని తెల్లటి పెచ్చుగా అంటుకుంటుంది. గీజర్ కాయిల్ మీద కనిపించేదీ అదే. బ్లాకులో ఆ పెచ్చు కాగితమంత మందం ఉన్నా చాలు, నీటి దారి మూసుకుపోతుంది. కడగడానికైనా నింపడానికైనా డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరేది వద్దు. ఆర్‌వో క్యాన్ నీళ్లు తేటగా కనిపిస్తాయి గానీ, వాటిలోనూ కొంత లవణం మిగిలే ఉంటుంది.

కడప (ఇంజనీరింగ్ విద్యార్థి):
సార్, మొదటిసారి రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి.

నీరు నింపకుండ మీట నొక్కిన పంపు
గుండె మాడిపోయె గోలపెట్టి
చెప్పినాను, వినక చేతులు కాల్చుకో
నీరు పోసి కడుగ నిప్పు పుట్టె

కర్నూలు:
తమ్ముడూ, మొదటిసారే గణాలన్నీ సరిగ్గా పడ్డాయి. అది చిన్న సంగతి కాదు. "గోలపెట్టి" అన్న మాట పంపు పక్కన కూర్చుని చెవితో విన్నవాడు రాసే మాట. ఎండిపోయి తిరిగే పంపు నిజంగా అలాగే గోలపెడుతుంది.

ఇక సవరించాల్సినవి. మొదటి పాదంలో నీ-మీ యతి చెల్లదు. అది ఎలాగైనా సరిచేయొచ్చు. అసలు చిక్కు అన్వయంలో ఉంది. నీరు నింపలేదు అని మొదలుపెట్టావు, చివరి పాదం నీరు పోసి అంటోంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. విరోధం తీరకపోగా ఇంకోటి వచ్చి చేరింది.

నీ ఊహ మాత్రం వదులుకోకు. ఈ పంపులకు వేరే నూనె ఉండదు. లోపల తిరిగే భాగానికి నీరే నూనె, నీరే చలువ. నీళ్లు పోసినా పంపు గదిలో గాలి బుడగ నిలబడిపోతే ఫలితం అదే. అందుకే నింపేటప్పుడు కంప్యూటర్ పెట్టెను అటూ ఇటూ వంచుతారు, పంపును కాసేపు ఆపి మళ్లీ వేస్తారు, బుడగలన్నీ నీళ్లు పోసే ట్యాంకులోకి ఎక్కేదాకా పంపును పూర్తి వేగానికి తీసుకుపోరు. గాలి బుడగ పట్టుకుని మళ్లీ రాయి.

తాడిపత్రి:
నాది ఇది. పొగడ్త అక్కర్లేదు, విమర్శ చాలు.

ఆరకుండ మీట నదుమగా బోర్డుపై
మూలనున్న చుక్క ముంచెఁ గొంప
రవ్వలెగిరె, సెగయు రాజుకొన్నది చూడు
నీరు పోసి కడుగ నిప్పు పుట్టె

అనంతపురం:
పద్యం బాగుంది గానీ నాదో సందేహం. డిస్టిల్డ్ వాటర్‌లో కరెంటు పారదంటారు కదా. మరి ఒక్క చుక్కకు రవ్వలెలా ఎగురుతాయి?

కర్నూలు:
మంచి ప్రశ్న. సీసాలో ఉన్నంతసేపే ఆ మాట చెల్లుతుంది. లూప్‌లోకి, అంటే బ్లాకు, గొట్టాలు, రేడియేటర్ కలిసిన ఆ చుట్టుదారిలోకి వెళ్లాక ఆ నీటికి రాగి తగులుతుంది, నికెల్ తగులుతుంది, పాచి పట్టకుండా వేసే మందు కలుస్తుంది. ఇక అది పుట్టినప్పటి నీరు కాదు. పైగా మదర్‌బోర్డు మీద దుమ్ము ఉండనే ఉంటుంది. అనంతపురం గాలిలో ఎంత దుమ్ము ఉంటుందో మీకు నేను చెప్పాలా? ఆ దుమ్మును తడిపిన చుక్క కరెంటుకు దారి ఇస్తుంది. కాబట్టి తాడిపత్రివారి కారణం నిలబడుతుంది.

"ముంచెఁ గొంప" దగ్గర జాతీయాన్ని తిరగేసి యతికి సరిపెట్టడం బాగా కుదిరింది. కొంప ముంచింది నీటి చుక్కే కాబట్టి మాట అక్షరాలా కూడా నిజమే. మూడో పాదం మాత్రం కాస్త వదులు. రవ్వలు, సెగ రెండూ చెప్పేశాక "నిప్పు పుట్టె" అన్నదానికి కొత్తగా చెప్పేది మిగల్లేదు. ఆ పాదంలో జరిగినదాన్ని కాక, జరక్కముందు చేయాల్సిన పనిని పెట్టి ఉంటే ఇంకా బలం వచ్చేది. అంటే లీక్ టెస్ట్. బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కదానికే ఇచ్చి, గొట్టం బిగించిన ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పేపర్ పరిచి గంటల తరబడి తిప్పాలి. ఓపిక ఉన్నవాళ్లు ఒక రోజంతా తిప్పుతారు. కాగితం మీద ఎక్కడ మచ్చ పడితే అక్కడి ఓ-రింగ్ (నీరు కారకుండా వేసే రబ్బరు వలయం) చూసుకోవాలి. అది ఎండిందా, నలిగిందా, గాడిలోంచి తప్పుకుందా?

జమ్మలమడుగు (తెలుగు పండితులు):
నాకు కంప్యూటర్ల సంగతి తెలియదు నాయనా. సమస్య చూడగానే చెయ్యి ఆగలేదు.

గుల్ల సున్నమున్న గోలెమ్ము కడుగంగ
సలసలమని పొంగెఁ జావిడందు
చేయి పెట్టి చూడ సెగ తగిలెను తాత
నీరు పోసి కడుగ నిప్పు పుట్టె

కర్నూలు:
అయ్యగారూ, నమస్కారం. ఇచ్చిన విషయం దాటారు గానీ, కారణం నిజం కావాలన్న షరతును మీరే అందరికంటే గట్టిగా పాటించారు. కాల్చిన సున్నం మీద నీళ్లు పడితే సలసల కాగడం మన ఊళ్లలో గోడలకు వెల్ల వేసిన ప్రతివాళ్లూ చూసినదే. "తాత" అన్న ఒక్క పిలుపుతో పద్యంలోకి ఒక పిల్లవాడు వచ్చాడు. పోటీకి లెక్కలోకి తీసుకోలేను, దాచుకుంటాను.

ప్రొద్దుటూరు:
అవధానుల ఊరివాళ్లం, ఊరికే ఉండలేం. నాది ఇది.

రాగి బిళ్ళ జతకు రాదల్యుమీనియం
కొరుకుకొనును నీరు కూడినంత
జంట కుదరకున్న జగడమే లోలోన
నీరు పోసి కడుగ నిప్పు పుట్టె

నంద్యాల:
"రాదల్యుమీనియం" అదిరింది! అంత పొడుగు మాటను గణాల్లో ఇమిడ్చి యతి కూడా సాధించారు.

కర్నూలు:
నిప్పును జగడంగా తీసుకోవడం ఇప్పటివరకూ ఎవరూ చేయలేదు. నాకూ తట్టలేదు. అయితే రెండో పాదం ఒప్పుకోను. "కొరుకుకొనును" అంటే రెండు లోహాలూ ఒకదాన్నొకటి తింటున్నాయని అర్థం వస్తుంది. అలా జరగదు. రాగి బ్లాకునూ అల్యూమినియం రేడియేటర్‌నూ ఒకే నీటితో కలిపితే అది బ్యాటరీలా పనిచేస్తుంది. అందులో తినబడేది అల్యూమినియమే. గుంటలు పడేదీ, తెల్లటి గుజ్జుగా రాలేదీ అదే. ఆ గుజ్జు కొట్టుకొచ్చి రాగి రెక్కల మధ్య ఇరుక్కోవడం ఆ తరువాతి కష్టం. మందు కలిపిన కూలెంట్ దీన్ని ఆలస్యం చేయగలదు గానీ, జత మార్చడమే అసలు దారి.

ప్రొద్దుటూరు:
ఒప్పుకున్నాను. ఆ పాదం ఇలా మారుస్తున్నాను: "కరగిపోవు నదియె కాలగతిని."

కర్నూలు:
ఇప్పుడు సరి. "అదియె" అన్నాక తప్పెవరిదో, నష్టమెవరిదో తేలిపోయింది.

అనంతపురం:
నేను క్రమాలంకారం పట్టాను. రెండు ప్రశ్నలు వేసి సమస్యను రెండు జవాబులుగా విడదీశాను.

మురికి వదలుటెట్లు? ముంగిట రాళ్ళను
రాచినంత నేమి రాలి మెరిసె?
రెంటి బదులు చెప్పు రివ్వున విడదీసి
నీరు పోసి కడుగ నిప్పు పుట్టె

కర్నూలు:
పద్ధతి పాతది, శాస్త్రసమ్మతం, పద్యం నిర్దోషం. కానీ ఇది విరోధాన్ని తీర్చలేదు, పక్కకు తప్పించింది.

కడప (ఇంజనీరింగ్ విద్యార్థి):
సార్, మళ్లీ రాశాను.

గాలి బుడగ పంపు గదిలోన నిలువగా
తడియె తగలదయ్యె, తల్లడిల్లి
తిరిగి తిరిగి లోని తిరుగలి మాడెను
నీరు పోసి కడుగ నిప్పు పుట్టె

జమ్మలమడుగు (తెలుగు పండితులు):
"తిరిగి తిరిగి లోని తిరుగలి." ఆ చప్పుడు నాక్కూడా వినబడింది నాయనా. ఆయుష్మాన్ భవ.

కర్నూలు:
ఇక నేను ఒక్క అక్షరం ముట్టుకోను.

ఆదోని (గృహిణి):
మా అబ్బాయి కంప్యూటర్ విప్పి రాగి బ్లాకు కడుగుతుంటే పక్కన కూర్చుని చూశాను. నల్లబడిన రాగిని ఏం చేయాలో మాకు ఒకరు చెప్పాలా?

చిలుము పట్టినట్టి చిన్నారి రాగిపై
చింతపండు పులుసు చిలుకరించి
కుంచె తోడ రుద్ది కుదురుగా, కణకణ
నీరు పోసి కడుగ నిప్పు పుట్టె

కర్నూలు:
అమ్మా, ఇప్పటిదాకా వచ్చిన పూరణల్లో చాలామటుకు నిప్పును కీడుగానే చూశాయి. మీరు దాన్ని మెరుపు చేశారు. మూడో పాదం చివర "కణకణ" అని వదిలేసి, అది నాలుగో పాదంలో నిప్పుకు వెళ్లి అంటుకునేలా చేశారే, ఈ వారం నేను చదివిన వాటిలో అంతకంటే మంచి చోటు లేదు. తోమిన రాగి నిజంగా ఆ రంగులోనే ఉంటుంది.

ఒక్క మాట మార్చుకోండి. "చిన్నారి" అక్కడ గణం నింపడానికే వచ్చింది. "సీపీయు రాగిపై" అనండి, సీపీయు అంటే ప్రాసెసరే. చి-సీ యతి చెల్లుతుంది, గణమూ అదే, ఏ రాగి అన్నదీ తెలిసిపోతుంది.

పని గురించి కూడా రెండు జాగ్రత్తలు. పులుసును సన్నటి గుడ్డలో వడకట్టాలి, పీచు ఒక్కటి రెక్కల మధ్య ఉండిపోయినా మొత్తం శ్రమ వృథా. కుంచె బదులు మెత్తటి టూత్ బ్రష్ మేలు. రెక్కలు సాగిన దిశలోనే రుద్దాలి, అడ్డంగా రుద్దితే వంగుతాయి. చివరి కడుగుడు డిస్టిల్డ్ వాటర్‌తో, పులుపు వాసన పోయేదాకా.

ఆదోని (గృహిణి):
మార్చాను బాబూ. మరి వాడి దగ్గర వెండిలా తెల్లగా ఉండే బ్లాకు ఇంకోటి ఉంది. దానికీ చింతపండే పెట్టమంటావా?

కర్నూలు:
వద్దమ్మా. అది నికెల్ పూత. పులుపు తగిలితే పూత దెబ్బతింటుంది. దానికి డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బ్రష్, అంతే. పైన గాజులా కనిపించేది అక్రిలిక్ అయితే దానికి స్పిరిట్ కూడా తగలనివ్వకండి, సన్నటి బీటలు వస్తాయి. స్పిరిట్ వాడాల్సింది అడుగు వైపు, ప్రాసెసర్‌కు ఆనుకునే చోట, వేడి బ్లాకుకు చేరడానికి మధ్యలో రాసిన పాత పేస్టు తుడవడానికి మాత్రమే.

ఈ వారం మొదటి స్థానం ఆదోనికి, రెండోది కడప తమ్ముడి సవరించిన పద్యానికి. ఆదివారం దాకా పూరణలు తీసుకుంటాను.