ఐసోలెట్ బెలోస్‌కి చిల్లులు: మార్చాలా, అతుకు వెయ్యాలా?

నాగావళిగట్టు:
మా పెదనాన్నగారి అటక మీద అగ్ఫా ఐసోలెట్ 2 అనే పాత మడత కెమెరా దొరికింది. షట్టర్ బాగానే పడుతోంది. చీకటి గదిలో బెలోస్ (లెన్స్ వెనకుండే మడతల తిత్తి) లోపల టార్చి పెట్టి చూస్తే మూలమూలకీ వెలుతురు చుక్కలే. మార్చాలా, అతుకు వేస్తే చాలా? ఫోకస్ రింగ్ కూడా కదలడం లేదు. శ్రీకాకుళం, విజయనగరంలో ఎవరైనా బాగుచేస్తారా?

కోటగుమ్మం:
ఐసోలెట్ అంటేనే చిల్లులు. నేను నల్ల ఫ్యాబ్రిక్ పెయింట్ పూశాను. మూడు రోల్స్ బాగానే నడిచింది. నాలుగోసారి మడతలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, తెరవగానే పర్రుమని చిరిగింది. ఈ ఎండాకాలంలో అయితే అసలొద్దు.

రాజాంసోడా:
అది తోలు కేసులో ఉందా? ఉంటే ముందు దాన్ని పారెయ్. మన సముద్రపు గాలికి తోలు చెమ్మ పీల్చేస్తుంది. నా నెట్టార్ కెమెరా లెన్స్ మీద బూజు సాలెగూడులా అల్లుకుపోయింది.

బొబ్బిలిబావ:
పారెయ్యడమేటండీ! మా తాతగారి కేసు ఇప్పటికీ ఉంది, పటకాతో సహా. ఏడాదికోసారి ఎండలో పెడతాను. మీ నెట్టార్ పోయింది మీ అజాగ్రత్త వల్ల, కేసుదేం తప్పు?

రాజాంసోడా:
అజాగ్రత్తా? నేను సిలికా జెల్ ప్యాకెట్లు వేసేవాణ్ణి సార్. మీ కెమెరా లెన్స్‌లోకి ఎప్పుడైనా టార్చి కొట్టి చూశారా? చూసి మాట్లాడండి.

మడతపెట్టె23:
నా దగ్గర 23 ఫోల్డర్లు (మడత కెమెరాలు) ఉన్నాయి. సూపర్ ఐకాంటా, పెర్కియో, బెస్సా, దాన్ని చూసి రష్యావాళ్లు చేసుకున్న మాస్క్వా 5 కూడా. కాబట్టి వినండి: కేసు గోడ మీద షోకి పెట్టుకోండి, కెమెరా గాలి తగిలే బీరువాలో పెట్టండి.

కోటగుమ్మం:
మాస్క్వా 5 సూపర్ ఐకాంటాకి కాపీ, బెస్సాకి కాదు. 23 ఉన్నాయన్నారు!

మడతపెట్టె23:
రాయడంలో ముందువెనకలయ్యాయి. దానికింత ఎత్తిపొడుపెందుకు?

పలాసజీడి:
మా అత్తగారింట్లో కొడాక్ ఫోల్డర్ ఉంది, 120 ఫిలిం రోల్ పట్టడం లేదు. చెడిపోయిందా?

మడతపెట్టె23:
అది 620 కెమెరా అయ్యుంటుంది. ఫిలిం అదే, స్పూల్ (ఫిలిం చుట్టే కడ్డీ) సన్నం. 620 రోల్స్ 1995లోనే ఆపేశారు. చీకట్లో 120 ఫిలింని పాత 620 స్పూల్‌కి చుట్టుకోవాలి. పాత స్పూల్ మాత్రం పారెయ్యకండి.

కోటగుమ్మం:
ఫోకస్ సంగతి ఎవరూ చెప్పలేదు. అగ్ఫా వాడిన గ్రీజు ఏళ్లు గడిస్తే పచ్చటి బంకలా గట్టిపడుతుంది. బలవంతంగా తిప్పితే ముందు అద్దంతో పాటు వెనకది కూడా ఊడివస్తుంది. హెయిర్ డ్రయర్‌తో మెల్లగా వేడి చెయ్యి, లైటర్ పెట్రోల్ ఒక్క చుక్క చాలు. తర్వాత షట్టర్ ‘బి’లో (నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండే సెట్టింగు) తెరిచి ఉంచి, ఫిలిం ఉండేచోట ట్రేసింగ్ పేపర్ అంటించి, దూరంగా ఉన్నదేదైనా స్పష్టంగా పడేదాకా సరిచూసుకో. నేను మేడ మీంచి గంటస్తంభం చూసి చేశాను.

అరసవిల్లిఎండ:
ఇంకోటి. పోయిన సిరిమానుకి ఫిలిం ముందే తిప్పేసి, మాను కదలగానే బెస్సా టక్కున తెరిచాను. లోపలికి గాలి లాగి ఫిలిం ఉబ్బింది, అన్నీ మసకే. మెల్లగా తెరవాలి, తెరిచాకే ఫిలిం తిప్పాలి. ఏడాది ఎదురుచూసిన ఫొటో!

బొబ్బిలిబావ:
మా నాన్నగారు క్లిక్ 3 కెమెరాతో తీసిన సిరిమాను ఫొటో ఉంది, అద్దంలా వచ్చింది.

రాజాంసోడా:
క్లిక్ 3 ఫోల్డర్ కాదు, డబ్బా కెమెరా. ఇక్కడ దాని ఊసెందుకు?

బొబ్బిలిబావ:
మీ బూజు ఊసు కన్నా నయమే.

నాగావళిగట్టు:
అయ్యా, నా బెలోస్... పోనీ, ఇంకో మాట. టార్చి పెట్టడానికి వెనక తలుపు తీస్తే లోపల రోల్ ఉంది. తీసి బల్ల మీద పెట్టాను. తెరవకముందు, ఎన్నో ఫొటోనో చూపించే వెనక ఎర్ర కిటికీలో 7 కనిపించింది. అది పనికొస్తుందా?

కోటగుమ్మం:
ఓరి బాబూ! పైచుట్లు పోయుంటాయి. కాగితం బిగుతుగా ఉంటే లోపలి చుట్లు బతికుండొచ్చు. ఇప్పుడే రబ్బరు బ్యాండు వేసి, నల్ల కవర్లో చుట్టి డబ్బాలో పెట్టు. బెలోస్ సంగతి తర్వాత.

రాజాంసోడా:
తోలు కేసులో మాత్రం పెట్టకు.