ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి చరిత్ర: ఏ రికార్డుతో మొదలుపెట్టాలి?

ప్రశ్న

ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో వంద గడప దాటని ఊరు. పాత చర్చి ఒకటి, పబ్ ఒకటి, మూతపడి నివాసంగా మారిన బడి ఒకటి ఉన్నాయి. దొరల భవంతి లేదు, యుద్ధాలేవీ జరగలేదు. విలేజ్ హాల్ కమిటీ వాళ్ళు ఊరి చరిత్ర మీద ప్రదర్శన పెడదామంటున్నారు, సమాచారం సేకరించే పని నాది. పుస్తకాల్లో దొరికిందల్లా మేనర్ (ఒక దొర కింది పాత ఎస్టేట్) ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందన్న జాబితా మాత్రమే. కూలినాలి చేసుకున్నవాళ్ళ సంగతులు, బడి పిల్లల సంగతులు, ఊరంతా కలిసి చేసుకున్న పనులు ఎక్కడ దొరుకుతాయి? ఏ వరుసలో వెతకాలి?

జవాబు 1

రికార్డులు తెరిచేముందు సరిహద్దు తేల్చుకోండి. పాత కాగితాలన్నీ పారిష్ (ఒక చర్చి కింది ప్రాంతం) పేరు మీదో, మేనర్ పేరు మీదో ఉంటాయి. ఊరూ ఈ రెండూ ఒకటే కానవసరం లేదు. ఒక పారిష్‌లో మూడు నాలుగు పల్లెలు ఉండొచ్చు, ఒకే ఊళ్ళో రెండు మేనర్లు ఉండొచ్చు. ఇది చూసుకోకుండా జనాభా అంకెలు పక్కపక్కన పెడితే ఊరు ఒక్కసారిగా సగమైపోయినట్టు కనబడుతుంది. నిజానికి మారింది హద్దు.

ఆ తర్వాత తెలిసిన కాలం నుంచి తెలియని కాలానికి, వెనక్కి నడవండి. ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ పటాల సంస్థ) వాళ్ళ మైలుకి 25 అంగుళాల పటంతో మొదలుపెట్టడం మంచిది. ప్రతి ఇల్లూ, బావీ, కంచే అందులో కనబడతాయి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైట్‌లో ఇంగ్లండ్ పటాలు కూడా ఉచితంగా చూడొచ్చు. దానిమీద 1909-10 ఫైనాన్స్ చట్టం కింద జరిగిన భూమి విలువ సర్వే పెట్టి చూడండి. లండన్‌లో క్యూ అనేచోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఐఆర్ 58 వరుసలో ఆ ఫీల్డ్ బుక్కులు ఉన్నాయి. యజమాని ఎవరు, అద్దెకున్నది ఎవరు, చాలాచోట్ల గదులెన్ని, గోడలు ఏ స్థితిలో ఉన్నాయి అన్నది కూడా రాశారు. అక్కడి ఇంటి నంబరును 1911 సెన్సస్‌లోని కుటుంబంతో జతచేస్తే ఏ గడపలో ఎవరున్నారో చాలావరకు తేలిపోతుంది.

ఈ జతచేయడం ఎందుకంటే, సెన్సస్‌లో షెడ్యూల్ నంబరును చాలామంది ఇంటి నంబరు అనుకుంటారు. అది లెక్కలు తీసినాయన కాగితాల వరుస సంఖ్య మాత్రమే. పదేళ్ళకి ఇంకో లెక్కల్లో అదే ఇంటికి వేరే సంఖ్య పడుతుంది. 1841 సెన్సస్‌తో ఇంకా జాగ్రత్త. 15 దాటినవాళ్ళ వయసును చాలావరకు అయిదేళ్ళ మెట్టుకి తగ్గించి రాశారు, 39 ఏళ్ళవాడు 35 అయిపోయాడు. పుట్టిన ఊరు, ఇంటి పెద్దతో సంబంధం 1851 నుంచే దొరుకుతాయి. 1931 లెక్కలు అగ్నిప్రమాదంలో పోయాయి, 1941లో లెక్కలే తీయలేదు. 1921 తర్వాత ఆధారం 1939 సెప్టెంబర్ 29 నాటి జాతీయ జనాభా రిజిస్టర్.

వీటికి వెనక టైద్ మ్యాప్ ఉంటుంది. చర్చికి కట్టే పదోవంతు పంటను డబ్బు చెల్లింపుగా మార్చిన 1836 చట్టం వల్ల పుట్టింది. పటంతోపాటు వచ్చే పట్టికలో యజమాని, సాగుచేసేవారు, పొలం పేరు, దున్నే నేలా పచ్చికబయలా, విస్తీర్ణం అన్నీ ఉంటాయి. విస్తీర్ణం మూడు నిలువు వరుసల్లో ఎకరం, రూడ్, పర్చ్: 40 పర్చ్‌లు ఒక రూడ్, 4 రూడ్లు ఒక ఎకరం. దశాంశం అనుకుని కూడితే లెక్క మొత్తం తప్పుతుంది. పటాలన్నీ ఒకే నాణ్యతతో లేవు కాబట్టి క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో నేటి పటం మీద పరిచేటప్పుడు చర్చి, పాత కూడళ్ళు, వాగు మీది వంతెన లాంటి కదలని గుర్తులు పది పన్నెండు తీసుకోండి. నాలుగు మూలలే పెడితే మధ్యలో పొలాలు వంకర్లు పోతాయి.

జవాబు 2

పై జవాబు నేల గురించి. మీరడిగిన మనుషుల బతుకు వేరే కట్టల్లో ఉంది. కౌంటీ రికార్డ్ ఆఫీస్‌లో పారిష్ పెట్టె (పారిష్ దాచుకున్న పాత పద్దులు, కాగితాలు) అడగండి. బాప్తిస్మం, పెళ్ళి, ఖననం రిజిస్టర్లతో ఆగిపోవద్దు.

1601 పేదల చట్టం ప్రకారం ప్రతి పారిష్ తన పేదల్ని తనే పోషించాలి. దానికి ఓవర్‌సీర్లు అనే పారిష్ అధికారులు ఇంటింటా పన్ను వసూలుచేసి, ఖర్చు పద్దు రాసేవారు. ఫలానా విధవకి బూట్లు, ఫలానావాడి శవపేటిక, కాన్పుకి మంత్రసాని కూలి... ఇంతకంటే నిజమైన ఊరి చరిత్ర ఇంకోటి లేదని నా నమ్మకం. 1662 సెటిల్‌మెంట్ చట్టం వల్ల పుట్టిన విచారణ పత్రాలు ఇంకా విలువైనవి. పేదవాడు ఏ పారిష్‌కి చెందుతాడో తేల్చడానికి ఇద్దరు మేజిస్ట్రేట్లు వాడి జీవితమంతా చెప్పించి రాయించేవారు. నిండా ఏడాది కొలువు చేస్తే ఆ పారిష్‌లో పోషణ పొందే హక్కు వచ్చేది, అందుకే కొందరు రైతులు జీతగాళ్ళని 51 వారాలకే కుదుర్చుకునేవారు. 1834 తర్వాత ఈ పని పూర్ లా యూనియన్‌కి (కొన్ని పారిష్‌లు కలిసిన సంఘానికి) పోయింది, ఆ కాగితాలు యూనియన్ పేరు మీద వెతకాలి.

బడి ఉండేదన్నారు కాబట్టి లాగ్ బుక్ తప్పకుండా అడగండి. 1862 నాటి నిబంధనల తర్వాత ప్రభుత్వ గ్రాంటు పొందే బళ్ళలో హెడ్‌మాస్టర్ రాయాల్సిన దినచర్య అది. కోతలకి పిల్లలు మానేసిన వారాలు, తట్టు వచ్చి బడి మూసిన నెలలు, మంచు కురిసిన రోజులు అన్నీ ఉంటాయి. పిల్లల పేర్లుంటాయి గనక ఇటీవలి సంపుటాలు చూడనివ్వరు.

పరిపాలనకి పారిష్ కౌన్సిల్ మినిట్స్ (సమావేశాల నమోదు) చూడండి. 1894 చట్టంతో వెస్ట్రీ అనే చర్చి సభ చేతిలోని లౌకిక పనులు వాటికి వచ్చాయి, మొదటి ఎన్నికలు ఆ డిసెంబర్‌లోనే. జనాభా మరీ తక్కువైన పారిష్‌లకి కౌన్సిల్ ఉండకపోవచ్చు, పారిష్ మీటింగ్ మాత్రమే ఉంటుంది. అప్పుడు మినిట్స్ పుస్తకం చైర్మన్ల ఇళ్ళల్లో చేతులు మారుతూ ఉండిపోతుంది. ముందు అక్కడ వాకబు చేయండి.

వుమెన్స్ ఇన్‌స్టిట్యూట్ (మహిళల సంఘం) శాఖ ఉంటే 1965 స్క్రాప్‌బుక్ ఉందేమో అడగండి. సంస్థ స్వర్ణోత్సవానికి చాలా శాఖలు ఆ ఏడాది ఊరి జీవితాన్ని ఫొటోలు, కత్తిరింపులతో పుస్తకంగా కూర్చాయి. బస్సు వేళలు, అంగట్లో ధరలు, బట్టల ముక్కలు కూడా అతికించినవి ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. రెండు చిక్కులొచ్చాయి. మా పారిష్‌కి ఊరంతటి టైద్ మ్యాప్ లేదంటున్నారు. ఇంకోటి, రిజిస్టర్‌లో ఒక పసిబిడ్డ బాప్తిస్మం 1710 జూన్ అని ఉంది, ఖననం 1710 ఫిబ్రవరి. పుట్టకముందే పోయినట్టుంది. రాసినవాళ్ళ పొరపాటా?

జవాబు 3

పొరపాటు లేదండి. 1752కి ముందు ఇంగ్లండ్‌లో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి 1710 ఫిబ్రవరి జూన్ తర్వాతే వస్తుంది, మన లెక్కలో అది 1711. బిడ్డ ఎనిమిది నెలలు బతికింది. జనవరి 1 నుంచి మార్చి 24 దాకా వచ్చే తేదీలన్నీ 1710/11 అని రెండు విధాలా రాసుకోండి, తర్వాత చూసేవాళ్ళకి తికమక ఉండదు.

రిజిస్టర్లు 1538 ఆజ్ఞతో మొదలైనా చాలాచోట్ల 1558 నుంచే మిగిలాయి. అంతర్యుద్ధం వల్ల 1640ల నుంచి 1660 దాకా ఖాళీలు సహజం. పుటలు పోయినచోట బిషప్‌కి పంపిన నకళ్ళు చూడాలి, అవి డయాసిస్ (బిషప్ పరిధి) కాగితాల్లో ఉంటాయి. 1783 నుంచి 1794 దాకా ఒక్కో నమోదుకి మూడు పెన్నీల పన్ను ఉండేది, ఆ ఏళ్ళలో బాప్తిస్మాలు తగ్గితే జననాలు తగ్గాయని రాసేయకండి.

టైద్ మ్యాప్ లేకపోవడం మిడ్‌లాండ్స్‌లో మామూలే. ఎన్‌క్లోజర్ (ఉమ్మడి పొలాల్ని పంచి కంచెలు వేయడం) జరిగినప్పుడే పదోవంతు హక్కుకి బదులు చర్చివాళ్ళకి భూమి ఇచ్చేశారు, 1836 నాటికి మార్చడానికి ఏమీ మిగల్లేదు. మీక్కావలసింది ఎన్‌క్లోజర్ అవార్డు. కమిషనర్లు ఎవరికెంత భూమి పంచారో, కొత్త బాటలు ఎన్ని అడుగుల వెడల్పో అందులో ఉంటుంది. తిన్నని రోడ్లు, రెండు పక్కలా వెడల్పాటి గడ్డి గట్లు కనబడితే అవి చాలావరకు ఆ కమిషనర్ల గీతలే. ఆవుని మేపుకునే ఉమ్మడి హక్కు పోయిన చిన్నవాళ్ళకి దక్కింది కంచె ఖర్చుకి కూడా సరిపోని ముక్క, చాలామంది అమ్ముకున్నారు. మీ ప్రదర్శనలో ఈ సంగతి పెద్దక్షరాల్లో ఉండాలి.

ఈ అవార్డులతో వచ్చే చాలా పటాల్లో పాత పొలాలు ఉండవు, కొత్త పంపకమే ఉంటుంది. పాతవాటికి నేలనే చదవాలి. పచ్చికలో అలలు అలలుగా గట్టూ చాలూ కనబడితే అది ఉమ్మడి పొలాల్లో సాగిన దున్నకం జాడ, చివర్లు తిరగేసిన ఎస్ ఆకారంలో వంగుతాయి. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఇచ్చే ఉచిత లైడార్ డేటాలో (విమానం నుంచి లేజర్‌తో కొలిచిన నేల ఎత్తులు) హిల్‌షేడ్, అంటే ఒక దిక్కు వెలుగుతో నీడలు, వేస్తే కంటికానని గట్లు కూడా తేలతాయి. వెలుగు ఒకే దిక్కు నుంచి వేస్తే దానికి సమాంతరంగా ఉన్న గట్లు మాయమవుతాయి, దిక్కు మార్చి మూడు నాలుగు సార్లు చూడండి. ఆ సేద్యం ఎలా నడిచేదో తెలియాలంటే నాటింగమ్‌షైర్‌లోని లాక్స్‌టన్ వెళ్ళిరండి. మూడు ఉమ్మడి పొలాలు, వాటిని తనిఖీచేసే జ్యూరీ, కోర్ట్ లీట్ అనే పాత మేనర్ కోర్టు అక్కడ ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

జవాబు 4

ప్రదర్శన కాబట్టి రెండు మాటలు. 1086 డూమ్స్‌డే (రాజు తీయించిన భూముల సర్వే) అంకెని జనాభాగా రాయకండి, అది కుటుంబ పెద్దల లెక్క. నాలుగున్నర, అయిదు రెట్లు చేసి "సుమారు" అనండి. ఊరి పేరు అందులో లేకపోతే అప్పుడు ఊరు లేదనుకోకండి, పక్క మేనర్ లెక్కలో కలిసి ఉండొచ్చు.

పెద్దవాళ్ళ మాటలు రికార్డ్ చేస్తే డబ్ల్యూఏవీ ఫైలుగా తీయండి, ఎంపీ3 నకలు వినడానికి చాలు. చెప్పిన మాటల మీద కాపీరైట్ చెప్పినవాళ్ళదే, అందుకని అనుమతి పత్రం మీద ఆరోజే సంతకం తీసుకోండి. ఊరికే కబుర్లు చెప్పమంటే ఎవరికీ ఏమీ గుర్తురాదు. 25 అంగుళాల పటం ఏ3 సైజులో బల్లమీద పరిచి, చిన్నప్పుడు బడికి ఏ దారిన నడిచేవారో వేలితో చూపించమనండి. ఆర్డ్‌నెన్స్ సర్వే పటం అచ్చయి 50 ఏళ్ళు దాటితే క్రౌన్ కాపీరైట్ ఉండదు, అయితే వెబ్‌సైట్ నుంచి దించిన స్కాన్‌కి ఆ సైట్ షరతులు వేరేగా ఉంటాయి, చూసుకుని అచ్చువేయించండి.