కెనడా ఆదివాసులకు సంస్కృతిని ఆధారం చేసుకున్న హాని తగ్గింపు

ప్రశ్న:
నేను బ్రిటిష్ కొలంబియాలో సామాజిక సేవా రంగంలో కొత్తగా చేరాను. మాదకద్రవ్యాలు పూర్తిగా మానినవారినే సంప్రదాయ క్రతువులకు రానివ్వాలని కొందరు ఆదివాసీ పెద్దలు అంటుండగా, హాని తగ్గింపు విధానం (వాడకం మానకపోయినా దానివల్ల కలిగే హానిని తగ్గించే పద్ధతి) ఎవరినీ దూరం పెట్టవద్దంటోంది. ఈ రెండూ ఎలా పొసగుతాయో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
హాని తగ్గింపు అంటే శుభ్రమైన సూదులు, నలోక్సోన్ (ఓపియాయిడ్ మత్తుమందు మోతాదు మించినప్పుడు విరుగుడుగా ఇచ్చే మందు) పంచడం మాత్రమే అనుకుంటే ఈ చిక్కు తీరదు. కానుకలు పంచిపెట్టే ఆదివాసీ వేడుక పాట్లాచ్‌ను 1885 నుండి 1951 వరకు చట్టమే నిషేధించింది. ప్రభుత్వం, చర్చిలు నడిపిన రెసిడెన్షియల్ పాఠశాలలు ఆదివాసీ పిల్లలను కుటుంబానికీ మాతృభాషకూ దూరం చేశాయి. అలా తెగిన బంధాలను తిరిగి కలపడం కూడా ఇక్కడ వైద్యమే కనుక, మత్తుకు లోబడిన మనిషిని సమూహం నుండి వెలివేస్తే పాత గాయాన్నే మళ్లీ రేపినట్టవుతుంది.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తాను, కానీ క్రతువు నియమాలను మార్చే అధికారం మనకు లేదు. ఈ ఒక్క రాష్ట్రంలోనే దాదాపు 200 ఫస్ట్ నేషన్స్ (ఆదివాసీ సమూహాలు) ఉన్నాయి, ఒకరి ఆచారం మరొకరిది కాదు. కాబట్టి ముందుగా ఆ సమూహపు పెద్దలనే అడగండి. క్రతువులో కూర్చోలేని వ్యక్తికి కట్టెలు కొట్టడం, వంటలో సాయపడటం వంటి పని వారే చూపించవచ్చు. (వచ్చిన వ్యక్తిని ముందు భోజనానికి పిలవడం చాలాసార్లు కరపత్రం కన్నా బాగా పనిచేస్తుంది.)

మూడవ సమాధానం:
ఒక్క జాగ్రత్త. నలోక్సోన్ ప్రభావం 30 నుండి 90 నిమిషాల్లో తగ్గిపోవచ్చు కనుక, మోతాదు మించి పడిపోయిన మనిషి అది ఇచ్చాక లేచి కూర్చున్నా అంబులెన్స్‌ను పిలవవలసిందే. అలా పిలిచినవారిపై సొంత వాడకానికి ఉంచుకున్న మాదకద్రవ్యాల విషయంలో కేసు పెట్టకుండా 2017 నాటి సమాఖ్య చట్టం రక్షణ ఇస్తుంది. పోలీసుల భయంతో వెనకాడేవారికి ఈ సంగతి తప్పక చెప్పండి.