.223కి ట్విస్ట్ 1:12నా, 1:9నా, 1:8నా?

పాలకొల్లు రైతుబిడ్డ:
నమస్కారమండీ. హ్యూస్టన్‌లో ఉండే మా బావగారు టెక్సాస్‌లోనే లబ్బక్ దగ్గర ఒక రాంచ్‌లో ప్రైరీ డాగ్‌లకీ (బొరియల్లో ఉండే ఉడుత జాతి), కుదిరితే కొయోటీలకీ (తోడేలు జాతి) బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగేది) చూస్తున్నారు. దూరం 100 నుంచి 300 గజాలు. షాపులో .22-250 (1:14), .204 రూగర్ (1:12), .223 అనే తూటా రకాల రైఫిళ్ళున్నాయట, .223లో 1:12, 1:9, 1:8 మూడూ. ఈ అంకె ట్విస్ట్, అంటే గొట్టం లోపలి గాడులు బుల్లెట్‌ని ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిప్పుతాయో అది. 75 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) కూడా కొట్టొచ్చు కాబట్టి 1:8 తీసుకోమని ఒకరు, అంత వేగంగా తిరిగితే చిన్న బుల్లెట్ గాల్లోనే ముక్కలైపోతుందని ఇంకొకరు చెప్పారట. ఏది నమ్మాలండీ? పనిలో పని, మా చేలో పందికొక్కులు గట్లు తవ్వేస్తున్నాయి. .177 ఎయిర్ రైఫిల్‌తో పనవుతుందా?

తణుకు బ్యారెల్:
ముందు బుల్లెట్ ఏదో తేల్చుకోమనండి, ట్విస్ట్ దాన్నిబట్టి వస్తుంది. అందరూ గ్రెయిన్లు చూస్తారు గానీ ట్విస్ట్‌ని నిర్ణయించేది బుల్లెట్ పొడవు. పాతకాలపు గ్రీన్‌హిల్ లెక్క ఇప్పటికీ అంచనాకి పనికొస్తుంది: బుల్లెట్ వ్యాసాన్ని వర్గం చేసి 180తో గుణించి, పొడవుతో భాగించాలి. సెకనుకి 2,800 అడుగుల లోపు వేగమైతే 180 బదులు 150. .224 వ్యాసం, ముప్పావు అంగుళం పొడవున్న 55 గ్రెయిన్ బుల్లెట్‌కి సరిగ్గా 12 వస్తుంది. 1.1 అంగుళాల పొడవుకి 8.2 వస్తుంది, అంటే 1:8 ఉండాలి. సీసం లేని రాగి బుల్లెట్ అదే బరువుకి ఇంకా పొడుగు. 55 గ్రెయినే కదా అని 1:12లో వేస్తే తిప్పలు పడాల్సి వస్తుంది.

ట్విస్ట్ చాలకపోతే ఎలా తెలుస్తుందంటే, కాగితం మీద గుండ్రటి చిల్లు బదులు తాళంచెవి కన్నంలా సాగిన చిల్లు పడుతుంది. బుల్లెట్ పక్కకి తిరిగి తగిలిందన్నమాట. అక్కడిదాకా రాకపోయినా గ్రూప్ (వరసగా కొట్టిన చిల్లుల గుంపు) విచ్చుకుపోతుంది. లబ్బక్ సుమారు 3,200 అడుగుల ఎత్తు, గాలి పలచన. ట్విస్ట్ అంతంతమాత్రంగా సరిపోయే బుల్లెట్ అక్కడ ఎండాకాలంలో బాగానే పోతుంది. అదే బుల్లెట్‌ని హ్యూస్టన్‌లో చలికాలం పొద్దున్నే కొడితే తేడా చేయొచ్చు. కాబట్టి మరీ అంచు లెక్క వద్దు.

గాల్లో ముక్కలవడం నిజమే గానీ, .223కి దాదాపు పుకారే. నిమిషానికి చుట్లు కావాలంటే సెకనుకి అడుగుల్లో వేగాన్ని 720తో గుణించి ట్విస్ట్‌తో భాగించండి. 55 గ్రెయిన్ 3,200 అడుగుల వేగంతో 1:8లో 2,88,000 చుట్లు, 1:12లో 1,92,000. మామూలు వి-మ్యాక్స్ (హార్నడీ వారి చిన్న జంతువుల బుల్లెట్) దీన్ని తట్టుకుంటుంది. హోర్నెట్, .222 లాంటి నెమ్మది తూటాల వేగాలకి చేసిన పలచటి జాకెట్ (పై తొడుగు) బుల్లెట్లు (హార్నడీ ఎస్ఎక్స్ లాంటివి) మాత్రం తట్టుకోకపోవచ్చు. .22-250కి 1:8 గొట్టం వేసి 40 గ్రెయిన్‌ని 4,100తో తోలితే 3,69,000. అసలు భయం అక్కడ.

నా ఓటు 1:9కే. 40 నుంచి 60 గ్రెయిన్ దాకా హాయిగా, చాలా 69లు కూడా. 75 పొడుగు బుల్లెట్ కొట్టాలని గట్టిగా ఉంటేనే 1:8. అది తీసుకున్నా చిన్నవాటికి నష్టమేం లేదు. ఒకటి మర్చిపోవద్దు: డబ్బా మీద 5.56 (.223లాగే కనిపించే సైనిక తూటా) అని ఉంటే .223 చాంబర్‌లో (గొట్టంలో తూటా కూర్చునే చోట) వేయకూడదు, ప్రెషర్ పెరిగిపోతుంది.

కాకినాడ సైట్ఇన్:
.223తో ఏకీభవిస్తాను గానీ, కారణం వేరు. ప్రైరీ డాగ్‌ల దగ్గర ఒక్క పూటలో వందల రౌండ్లు పోతాయి. .223లో మందు 25 గ్రెయిన్ల దరిదాపు, .22-250లో 35 పైమాటే. అందుకే .22-250 గొట్టం త్వరగా కాలిపోతుంది, గొంతు (చాంబర్ ముందు గాడులు మొదలయ్యే చోటు) దగ్గర తినేస్తుంది. .204 వేగం ముచ్చటగా ఉంటుంది గానీ తూటాల రకాలు తక్కువ. .17 హెచ్ఎంఆర్ (ఇంకా చిన్న తూటా) అని ఎవరైనా అంటే, గంటకి 10 మైళ్ళ గాలికి 100 గజాల్లోనే దాదాపు 4 అంగుళాలు పక్కకి పోతుందని చెప్పండి. లబ్బక్ గాలి అంతకంటే తక్కువుండే రోజు దొరకడం కష్టం.

మీ బావగారు హెచ్-1బి మీద ఉన్నారా? అయితే తుపాకీ కంటే ముందు వేట లైసెన్స్. వలసేతర వీసా వాళ్ళు అమెరికాలో తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు. గ్రీన్ కార్డ్ వాళ్ళకి ఈ గొడవ లేదు.

రాజోలు గట్టు:
పందికొక్కుల మాటకొస్తే, ఎయిర్ రైఫిల్ మానేయండి బాబూ. అవి తిరిగేది రాత్రిళ్ళు. మన దగ్గర లైసెన్స్ అక్కర్లేని ఎయిర్ రైఫిల్ .177, దెబ్బ శక్తి 20 జౌళ్ళ లోపు. కిలో బరువుండే జంతువు దెబ్బ తిని బొరియలోకి దూరి చస్తుంది, గట్టు మాత్రం అలాగే ఉంటుంది. పైగా మనది బల్లపరుపు నేల, వెనక అడ్డుగా మట్టిదిబ్బ ఉండదు. చేలో నీళ్ళు, కాలవగట్టు మీద మనుషులు. .22 రైఫిల్ తూటా అయితే మైలున్నర దాకా పోగలదు, నీటి మీద తగిలితే ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం.

సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూసేయండి. పొద్దున్న తెరుచుకున్నవే ఎలుక ఉన్నవి. వాటిలోనే మందు. నూకలు 960 గ్రాములు, నూనె 20, 0.25 శాతం బ్రోమాడయోలోన్ (ఎలుకల మందు) పొడి 20 కలిపి, 15 గ్రాముల పొట్లాలు కట్టి బొరియకొకటి లోపలికి తోయాలి. చేతికి గ్లవ్స్, కోళ్ళకీ కుక్కలకీ అందకుండా. వరి పొట్టకి రాకముందే చేయాలి, కంకి పాలు పోసుకున్నాక నూకల వైపు చూడవు. పక్క చేనువాళ్ళు కూడా అదే రోజు పెట్టకపోతే వారంలో అటువైపు నుంచి మళ్ళీ దిగుతాయి.

పాలకొల్లు రైతుబిడ్డ:
ఆయ్, చాలా ఉపయోగమండీ. మావాళ్ళకి హెచ్-1బినే, ముందు లైసెన్స్ సంగతి చూడమంటాను. పాత 1:9 గొట్టం ఒకటి చవగ్గా వస్తోందట, అది నిజంగా 1:9యేనా కాదా అని ఇంట్లోనే తేల్చుకోవచ్చా?

తణుకు బ్యారెల్:
తేల్చుకోవచ్చు. తుపాకీ ఖాళీయేనని చూసుకుని బోల్ట్ తీసేయండి. పిడి దగ్గర బేరింగ్‌తో తిరిగే క్లీనింగ్ రాడ్‌కి గుడ్డముక్క బిగువుగా పెట్టి వెనకనుంచి తోయాలి. లోపలికి కాస్త వెళ్ళాక రాడ్ పైభాగాన మార్కర్ గీత, చాంబర్ అంచు దగ్గర ఇంకో గీత. పై గీత పూర్తిగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ పైకొచ్చేదాకా తోసి, రాడ్ ఎన్ని అంగుళాలు లోపలికి పోయిందో కొలవండి. గుడ్డ వదులైతే గాడుల మీద జారి ఎక్కువ చూపిస్తుంది. మూడుసార్లు కొలిచి, అంకెలు పావు అంగుళం లోపు కలిస్తేనే నమ్మండి.