డాస్ నుంచి విండోస్ 11 దాకా అసలు మారిందేమిటి? షాపు కంప్యూటర్ మార్చాలా?

పర్లాకిమిడి పిల్ల

అందరికీ నమస్కారం. నాన్నకి పర్లాకిమిడి బజార్లో జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు తెలుగులోనూ ఒడియాలోనూ చేస్తారు. కంప్యూటర్ 2016లో కొన్నది, విండోస్ 10. దానికి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, 11 ఎక్కదు, కొత్తది కొనమంటున్నాడు రిపేరు చేసే అతను. నాన్నేమో "ఆదేశాలు టైపు చేసి నడిపే డాస్ రోజుల నుంచీ చూస్తున్నా, రంగులు మార్చి మళ్లీ అమ్మడమేగా" అంటున్నారు. నేను బీసీఏ మొదటి ఏడాది. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో నాలుగు లైన్లు బట్టీ పట్టాను గానీ నాన్నకి జవాబు చెప్పలేకపోతున్నాను.

బరంపురం పాత డీటీపీ

అమ్మా, మీ నాన్నగారి మాట సగం నిజం. ఇదే పని చేసి ఈమధ్యే షాపు మావాడికి అప్పజెప్పాను, కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకు.

తెర మీద కనబడే బొమ్మలు ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. ఏ ప్రోగ్రాంకి ఎంత మెమరీ, ప్రాసెసర్ ఎవరికి ఎంతసేపు, ఫైలు డిస్కులో ఎక్కడ, ప్రింటర్ దగ్గర ముందు ఎవరు అనే పంపకాలు చూసేది అది. డాస్‌లో ఫైళ్ల సంగతి తప్పిస్తే ఆ పంపకాలు లేవనే చెప్పాలి. 1981లో ఐబీఎం పీసీతో వచ్చింది. టిమ్ ప్యాటర్సన్ వేరే కంపెనీలో రాసినదాన్ని మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. ఒకసారికి ఒకే ప్రోగ్రాం, దానికి 640 కేబీ మెమరీ. ఫైలు పేరు ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదు. వెంకటలక్ష్మి, వెంకటలక్ష్మణరావు ఇద్దరూ "వెంకటల్" అయిపోయేవారు!

మౌసు, కిటికీలు జెరాక్స్ కంపెనీ వాళ్ల పరిశోధనశాలలో 1970లలోనే ఉన్నాయి. 1984లో యాపిల్ వాళ్ల మాకింతోష్, మరుసటి ఏడాది విండోస్ మొదటిది వచ్చాయి. స్టార్ట్ బటన్ విండోస్ 95తో.

ఇక అసలు సంగతి. విండోస్ 98, ఆ తర్వాతి ఎంఈ దాకా అడుగున డాస్ వాసన పోలేదు. ఒక ప్రోగ్రాం పాడైతే సిస్టమ్ సొంత మెమరీనే చెరిపేయగలిగేది. అందుకే సిస్టమ్ ఆగిపోయి ఆ నీలం తెరలు. పని ఇచ్చిన పార్టీ ఎదురుగా కూర్చుని ప్రూఫ్ చూస్తుంటే మేం రెండు లైన్లకోసారి సేవ్ కొట్టేవాళ్లం. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చి ఆ పునాదినే తీసేసింది. డేవ్ కట్లర్ బృందం ఆఫీసుల కోసం కట్టిన విండోస్ ఎన్‌టీని (మొదటిది 1993) ఇళ్లలోకి తెచ్చారు. ప్రోగ్రాం పడిపోతే అదొక్కటే పడిపోతుంది, మిగతావి నడుస్తాయి. ఎక్స్‌పీ అనగానే అందరికీ ఆ పచ్చ కొండ బొమ్మే గుర్తు. కింద మారినది ఎవరికీ కనబడలేదు. మీ నాన్నగారు రంగులు అన్నది ఇందుకే.

రెండోది అక్షరాలు. అంతకుముందు మన తెలుగు ఫాంట్లన్నీ ఇంగ్లీషు అక్షరాల చోట్లో దొంగచాటుగా కూర్చున్నవే. ఆ ఫాంటు లేని షాపులో ఫైలు తెరిస్తే వధూవరుల పేర్లకి బదులు డాలర్లు, బ్రాకెట్లు. ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు, ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరిచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగు వచ్చాయి. ఒడియాకి మాత్రం 2007లో విండోస్ విస్టా వచ్చేదాకా దిక్కులేదు. కళింగ ఫాంటు దాంతోనే వచ్చింది. విస్టాని లోకమంతా తిట్టింది, నత్తలా నడిచిన మాటా నిజమే. మా బరంపురంలో కూర్చుని నేను మాత్రం దాన్ని తిట్టలేను.

సిరోంచా లినక్స్

పెద్దాయన లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌ని వదిలేశారు :) 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు, డబ్బులు కట్టక్కర్లేదు. మా నెట్ సెంటర్లో పాత మెషిన్ల మీద లినక్స్‌లో ఒక రకమైన మింట్ నడుస్తోంది. తెలుగు, మరాఠీ రెండూ బాగానే వస్తున్నాయి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి చూడండి, నచ్చాకే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.

పర్లాకిమిడి పిల్ల

థాంక్సండీ. మెషిన్‌లో ఉన్నది ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్. నాన్న పాత ఫైళ్లన్నీ పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. అదే టెన్షన్.

బరంపురం పాత డీటీపీ

విండోస్ 11 ఎనిమిదో తరం నుంచే ఇంటెల్‌ని ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కూడా ఉండాలి. రిపేరు అతను అబద్ధం చెప్పలేదు. పేజ్‌మేకరేమో లినక్స్‌లో నేరుగా నడవదు. నేనైతే ఆ మెషిన్‌కి నెట్ తీసేసి పేజ్‌మేకర్‌కే వదిలేస్తాను. దరఖాస్తులు, బ్యాంకు పనులకి సిరోంచా అతను చెప్పినట్టు ఇంకో సెకండ్‌హ్యాండ్ డబ్బా మీద మింట్ వేసుకోండి. నెట్ పాత మెషిన్ మీదే వాడక తప్పదంటే, సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ దాకా పొడిగించుకునే వీలు మైక్రోసాఫ్ట్ ఇచ్చింది.

ఎవరినైనా ఆ పాత మెషిన్ మీద చెయ్యి వెయ్యనిచ్చే ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించు. ఫాంట్ల ఫోల్డరు కూడా. అది మర్చిపోతే ఫైళ్లున్నా లేనట్టే.