గోదావరి వంతెన, స్టేషన్ల దగ్గర ఫోటోలు: ఆపితే ఏం చెప్పాలి, ఏం చూపించాలి?

రేవు పాఠకుడు, కొవ్వూరు:
కొవ్వూరు, గోదావరి, రాజమండ్రి స్టేషన్లలోనూ, ఆర్చ్ వంతెన మీద రైలు వెళ్తున్నప్పుడూ ఫోటోలు తీద్దామనుకుంటున్నానండి. ఫోను, డీఎస్‌ఎల్‌ఆర్, స్టాండు ఉన్నాయి. అమ్ముకోడానికి కాదు, సరదాకే. ముందుగా అనుమతి కావాలా? ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్ళు ఆపి ఫోటోలు తీసేయమంటే తీసేయాలా? కెమెరా పట్టుకుపోతే ఎలా?

గట్టుమీద కెమెరా:
సరదాగా ఫోటో తీయడమే నేరమనే సెక్షన్ 1989 రైల్వే చట్టంలో లేదండి. అలాగని స్టేషన్ ఊరి రోడ్డు కాదు, రైల్వే వారి ఆవరణ. చేతిలో టికెట్ లేకపోతే మీ మాట ఎవరూ వినరు. ప్లాట్‌ఫామ్ టికెట్ 10 రూపాయలే గానీ రెండు గంటలే చెల్లుతుంది. సాయంత్రం వెలుగు కోసం కూర్చునేవాళ్ళు దొరికిపోయేది ఎక్కువగా ఇక్కడే. బయటికి వెళ్ళమన్నారా, వెళ్ళిపోండి. సెక్షన్ 147 అనుమతి లేకుండా లోపలికి వచ్చినవాళ్ళకే కాదు, సక్రమంగా వచ్చి వెళ్ళనని మొరాయించినవాళ్ళకీ వర్తిస్తుంది: ఆరు నెలల వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పట్టాల మీదకి దిగినా ఇదే సెక్షన్.

డబ్బు తీసుకుని చేసే షూటింగయితే జోనల్ కార్యాలయంలో ముఖ్య ప్రజా సంబంధాల అధికారి నుంచి ముందుగా రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి. స్టేషన్ మాస్టారు నోటిమాటగా సరేనన్నా ఆ తర్వాత డ్యూటీకి వచ్చినవారికి అది తెలియదు.

స్టాండు ఇంట్లో పెట్టేయండి. జనం నడిచే దారికి అడ్డం, పైగా అందరి చూపూ దాని మీదే పడుతుంది. ఫ్లాష్ వద్దు, లోకో పైలట్ కళ్ళల్లో కొడుతుంది. పసుపు గీత దాటొద్దు. పైన ఉండే కరెంటు తీగలో 25,000 వోల్టులుంటాయి, సెల్ఫీ స్టిక్ పైకెత్తడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే. సిగ్నల్ క్యాబిన్, రిలే రూము (సిగ్నల్ పరికరాలుండే గది), సీసీ కెమెరాలు, వంతెన స్తంభాల బేరింగులు, సైన్యం సామాను తీసుకెళ్ళే రైళ్ళు, వీటి జోలికి వెళ్ళొద్దు. ఎవరికైనా అనుమానం వచ్చేది ఇలాంటివి దగ్గరగా, పదేపదే తీస్తేనే.

వంతెన కోసమయితే స్టేషనే అక్కర్లేదు. ఇటు రాజమండ్రి పుష్కర ఘాట్, అటు మీ కొవ్వూరు గోష్పాద క్షేత్రం. 97.55 మీటర్ల చొప్పున 28 ఆర్చ్‌లు వరసగా రావాలంటే గట్టు నుంచే బాగా కుదురుతుంది. రైల్లోంచి తీసేటప్పుడు షట్టరు సెకనులో 1/1000 కన్నా నెమ్మదిగా పెడితే దగ్గరి కమ్ములు చెరిగిపోయి వస్తాయి. లెన్సు కిటికీ ఊచలకి ఆనించండి, చెయ్యి బయట పెట్టకండి. రైల్వే సిబ్బంది వద్దన్నాక కూడా ఫుట్‌బోర్డు మీద వేలాడితే సెక్షన్ 156, మూడు నెలల వరకు జైలు లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

కోర్టు మెట్లు:
ఆపినప్పుడు సంగతి నేను చెప్తానండి. ముందు ఎవరు ఆపారో చూసుకోండి. ఆర్‌పీఎఫ్ కేంద్రం కింద ఉంటుంది, జీఆర్‌పీ అంటే రైళ్ళు, స్టేషన్లు చూసే మన రాష్ట్ర పోలీసు. గట్టు మీదయితే ఆ ఊరి పోలీసులు. గొంతు పెంచకుండా పేరు, హోదా అడిగి, మీ టికెట్టూ, గుర్తింపు కార్డూ చూపించండి. ఫోను మీ చేతిలోనే ఉంచుకుని తీసిన ఫోటోలు ఒక్కొక్కటే జరిపి చూపించండి. చాలావరకు అక్కడితో సరిపోతుంది.

తీసేయమని ఒత్తిడి చేస్తే ఇలా అనండి: “ఇందులో తప్పుందని మీకు అనిపిస్తే ఇది సాక్ష్యం కదండీ, నేను చెరపకూడదు. ఇన్‌స్పెక్టర్ గారి దగ్గరికి వస్తాను.” చెరిపితే మీరు అమాయకులనడానికి మిగిలిన ఆధారమూ పోతుంది. ఒకవేళ చెరిపేసినా ఆ మెమరీ కార్డుతో ఇంక ఒక్క ఫోటో కూడా తీయకండి, కొత్తవి పాతవాటి మీద రాసుకుపోతాయి. ఇంటికెళ్ళి ఫోటోరెక్ అనే, చెరిగిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేర్‌తో వెతికితే చాలావరకు దొరుకుతాయి. ఐఫోన్లో అయితే చెరిపినవి 30 రోజులు విడిగా ఉంటాయి.

కెమెరా స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకి బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 106 కింద ఉంది, కానీ నేరంతో సంబంధం ఉందన్న అనుమానం ఉండాలి, కాగితం ఉండాలి. సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి, వస్తువుల జాబితా మీద సాక్షుల సంతకాలుండాలి. మీరు కెమెరా మోడలు, సీరియల్ నంబరు, లోపలున్న కార్డు సైజు ఆ జాబితాలో రాయించండి. ఇక్కడ ఏమరుపాటుగా ఉంటే తర్వాత కార్డు విషయంలో చిక్కొస్తుంది. వెనక్కి తెచ్చుకోడానికి మేజిస్ట్రేటు కోర్టులో సెక్షన్ 503 కింద అర్జీ వేయాలి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్ళకి తెలపాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి.

అధికార రహస్యాల చట్టం పేరు చెప్పి బెదిరిస్తే భయపడొద్దు. 1923 నాటి ఆ చట్టంలో రైలు మార్గాన్ని నిషేధిత స్థలం అనాలంటే కేంద్రం గెజిట్‌లో ప్రకటించి, ఆ ప్రకటన ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ అక్కడ అంటించాలి. పోలీసు స్టేషన్ కూడా ఆ నిర్వచనంలోకి రాదని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2022లో తేల్చింది. అయితే ఫోటోలు తీయరాదని బోర్డు ఉన్నచోట మాత్రం తీయకండి, వాదన తర్వాత చూసుకోవచ్చు.

రేవు పాఠకుడు, కొవ్వూరు:
చాలా ఉపయోగం అండి. గట్టు మీంచి డ్రోన్ ఎగరేయొచ్చా? నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (జనాన్నీ, బళ్ళనీ నది దాటించే పడవ) మీద ఫోటోలకి ఏమైనా ఇబ్బందా?

గట్టుమీద కెమెరా:
డ్రోన్‌కి ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైటు మ్యాపులో మీరు నిలబడే చోటు చూడండి. 2021 నిబంధనల ప్రకారం విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు నేల దగ్గర్నుంచే ఆంక్షలుంటాయి, 8 నుంచి 12 లోపు 200 అడుగులు దాటితే పసుపు మండలం. పసుపంటే విమాన నియంత్రణ వారి అనుమతి ఉండాలి. మధురపూడిలోని రాజమండ్రి విమానాశ్రయం దగ్గరే కాబట్టి కళ్ళతో అంచనా వేయకండి, మ్యాపే నమ్మండి.

పంటు మీద నదినీ, రేవునీ తీసుకోవచ్చు, ఒడ్డుకి ఆనేటప్పుడు మాత్రం కెమెరా దించేయండి, బళ్ళు కదిలేది అప్పుడే. ఆడవాళ్ళూ, పిల్లలూ ఫోటోలో పడుతుంటే అడిగి తీయండి. వద్దంటే వాళ్ళ ఎదురుగానే తీసేసి చూపించండి. పోలీసుల దగ్గర చెరపొద్దన్నది ఇక్కడ వర్తించదండి.