మాల తీసిన మర్నాటి నుంచి నియమం నిలవాలంటే ఏం చెయ్యాలి?

దిల్‌సుఖ్‌నగర్ వాసి (ప్రశ్న)

అయ్యప్ప దీక్ష పూజా విధానం గురించి కాదు, దీక్ష అయ్యాక సంగతి అడుగుతున్నాను. మండలం 41 రోజులు తెల్లవారుజామున 4:30కి లేచి చన్నీళ్ల స్నానం, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, చాప మీద పడక, మందు సిగరెట్ బంద్. నోట్లోంచి ఒక్క తిట్టు రాదు. మాల విరమణ అయిన పది రోజులకి చూస్తే అదే మనిషి, పొద్దెక్కాక లేవడం, అదే పాన్ డబ్బా దగ్గర నిలబడటం. దీక్ష మనిషిని నిజంగా మారుస్తుందా, లేక పాత అలవాట్లని 41 రోజులు అటక మీద పెట్టిస్తుందా? 42వ రోజు నుంచి ఏది ఉంచుకోవాలి, ఏది వదిలెయ్యాలి? రంజాన్ ఉపవాసం (రోజా), ఈస్టర్ ముందు క్రైస్తవుల తపస్సుకాలం పాటించేవాళ్లు వాళ్ల దగ్గర దీనికేం ఏర్పాటు ఉందో చెప్తే ఇంకా మంచిది. దేవుడున్నాడా లేడా అన్న వాదన మాత్రం ఇక్కడికి తేకండి, ప్లీజ్.

మల్కాజిగిరి గురుస్వామి

స్వామి శరణం. మాల ఒక్కటే మనిషిని నిలబెడ్తదని అనుకుంటరు. కాదు స్వామీ, పందిరికి గుంజల్లెక్క దాని కింద చానా ఉంటయి. నల్ల బట్ట చూస్తే పాన్ డబ్బావాడు సిగరెట్ ఇయ్యడు. దోస్తులు దావత్‌కు పిలవరు. ఎదురొచ్చినోళ్లంత ‘స్వామి’ అంటరు. పొద్దుగాల సన్నిధానంల, అంటే స్వాములంత కల్సి పూజ చేసే కాడ, పదిమంది మన కోసం చూస్తుంటరు. ఇంట్ల వంట వేరే. విరమణ నాడు ఇవన్నీ ఒక్క గంటల పీకేస్తం. ఇంక పందిరి కూలకుంట ఎట్లుంటది?

అందుకే 30వ రోజు దాటంగనే నిర్ణయం చేస్కోవాలె. చేసేది ఒకటి, మానేది ఒకటి. అంతే, రెండే. అన్నీ ఉంచుకుంటనన్నోడు వారం గూడ ఆగడు. నేల పడక, చెప్పుల్లేకుంట నడుసుడు, ఒంటిపూట, ఇవి దీక్షవి, దీక్షతోనే పోనియ్యుండ్రి. లేచే టైమ్, స్నానం కాంగనే 10 నిమిషాలు కూసునుడు, ఇవి సంసారంల ఇముడుతయి. 4:30ను ఒక్కపారే 7 చెయ్యొద్దు, 5:30 కాడ ఆపుండ్రి. శరణుఘోష 108 చెప్పేటోళ్లు 18కి తగ్గించుకోవచ్చు, గని బంద్ పెట్టొద్దు. ఇంట్ల పూజకు పెట్టిన పీఠం ఎత్తినంక ఆ మూల ఖాళీ చేసి అండ్ల బీరువా పెట్టేటోళ్లున్నరు. పీట, దీపపు కుంది ఆడనే ఉండనియ్యుండ్రి.

ఇంకో మాట. విరమణ శనివారం సాయంత్రం పెట్టుకుంటే ఆ రాత్రే మటన్, మందు. శబరిమల నుంచి సికింద్రాబాద్‌కు రైల్ల ఒక రోజు పైనే పడ్తది, ఒళ్లు హూనం అయి ఉంటది. దిగిన్నాడే తీస్తే తెల్లారి లేవనే లేవరు. ఒక రాత్రి మంచిగ పండుకొని, డ్యూటీకి పొయ్యే రోజు పొద్దుగాల పూజ చేస్కొని తల్లి చేతనో గురుస్వామి చేతనో తీయించుకోవాలె.

తార్నాక సైకాలజీ

గురుస్వామి గారు చెప్పిన గుంజల మాట సరిగ్గా అసలు విషయం. దానికి అంకెలు కలుపుతాను. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని తీసుకుని చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. కొత్త పని ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. నీళ్లు తాగడం లాంటివి త్వరగా కుదిరాయి, వ్యాయామం ఆలస్యంగా. అంటే మాల తీసేనాటికి చాలామంది ఇంకా దారి మధ్యలోనే ఉంటారు. యోగసూత్రాల్లో పతంజలి అభ్యాసానికి మూడు షరతులు పెట్టాడు: దీర్ఘకాలం, నైరంతర్యం (మధ్యలో ఆపకపోవడం), సత్కారం (శ్రద్ధ). దీక్ష చివరి రెండూ ఇస్తుంది, మొదటిది ఇవ్వదు.

అదే అధ్యయనంలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడదనీ తేలింది. ఇది ముఖ్యం. దీక్షలో తప్పు జరిగితే మొత్తం భంగమైందన్న భయం ఉంటుంది. ఆ భయాన్నే 45వ రోజుకి మోసుకెళ్తే, ఒక్క పొద్దు లేవకపోగానే ‘ఇంకేముంది, పోయింది’ అని అంతా వదిలేస్తారు. ఎక్కువమంది జారేది ఇక్కడే.

మానేసే అలవాటు సంగతి వేరు. ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్, చేతిలో సిగరెట్: మూడూ ఒకే ముడి. దీక్షలో ఆ గడప తొక్కరు కాబట్టి ముడి కంటికి దూరమైంది, విడిపోలేదు. విరమణ తర్వాత మూడు వారాలు అటు వెళ్లొద్దు. ఆ తర్వాత సిగరెట్ తాగని మనిషితో వెళ్లండి, కూర్చునే టేబుల్ మార్చండి, చాయ్ అవగానే లేవండి. ‘మానేస్తాను’ అని రాసుకుంటే పనిచెయ్యదు. ‘ఎవరైనా సిగరెట్ చాపితే సోంపు నోట్లో వేసుకుని బిల్లు కట్టడానికి లేస్తాను’ అని, ఏం జరిగితే ఏం చేస్తారో రాసుకోవాలి.

టోలిచౌకి భాయ్

సలాం అందరికీ. మా దగ్గర తగ్గింపు మెట్లు ముందే కట్టి ఉన్నాయి. రంజాన్ 29 లేదా 30 రోజాలు అయ్యాక ఈద్ రోజు రోజా ఉండకూడదు, నిషేధం. రంజాన్ తర్వాతి షవ్వాల్ నెలలో ఇంకో ఆరు రోజాలు సున్నత్, అంటే తప్పనిసరి కాదు, ఉంటే మంచిది; వరసగానే ఉండక్కర్లేదు. తర్వాత సోమ, గురువారాలో, చాంద్రమాసం 13, 14, 15 తేదీలో ఎంచుకునేవాళ్లుంటారు. అల్లాహ్‌కు అన్నిటికన్నా ఇష్టమైన పని చిన్నదైనా ఆగకుండా సాగేదే అన్న భావం హదీసుల్లో (ప్రవక్త మాటల్లో) ఉంది.

చెడేది ఎక్కడంటే, రంజాన్ వేగాన్నే ఈద్ తర్వాతా ఉంచాలని చూడటం. నెలలో ఖురాన్ పూర్తి చెయ్యాలంటే రోజుకో పారా (ముప్పయ్యో వంతు), అంటే దాదాపు 20 పేజీలు. మామూలు రోజుల్లో అది సాగదు. 604 పేజీల ముస్‌హఫ్‌లో (ఖురాన్ ప్రతిలో) రోజుకి రెండు పేజీలంటే 302 రోజులు. ఏడాది లోపే అయిపోతుంది. తరావీహ్ (రంజాన్ రాత్రి నమాజు) అంతసేపు నిలబడలేకపోతే పడుకునే ముందు రెండు రకాత్‌ల చిన్న నమాజు చాలు. రెండో చిక్కు మన ఊరిదే: చార్మినార్ రాత్రి బజార్లు, హలీం, సహరీ (తెల్లవారక ముందు భోజనం) దాకా మెలకువ. నిద్ర వేళ మొత్తం తిరగబడుతుంది, ఈద్ అయిన వారం ఫజర్‌కి (తెల్లవారుజాము నమాజుకి) లేవలేరు. ఇషా (రాత్రి నమాజు) అవగానే ఇంటికి చేరాలి, మొదటి వారం అదొక్కటే పని.

గన్‌ఫౌండ్రీ

తపస్సుకాలం గురించి క్లుప్తంగా. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా క్యాలెండర్‌లో 46 రోజులు; ఆరు ఆదివారాలు లెక్కలోకి రావు కాబట్టి 40. అంటే వారానికోసారి ఊపిరి పీల్చుకునే వీలుంది. ఉపవాసం ఒక్కటే కాదు, ప్రార్థన, దానం కూడా. మానేసిన వాటి డబ్బు ఏ రోజుకారోజు డబ్బాలో వేసి చివర్లో ఇచ్చేస్తారు. సిగరెట్ డబ్బుతో ఇదే చేసి చూడండి, 41 రోజులకి ఎంతవుతుందో కళ్లకి కనిపిస్తుంది.

ఫిజీషియన్, ఉప్పల్

అందరూ 42వ రోజు గురించి రాస్తున్నారు. ప్రమాదం ఉన్నది మొదటి నాలుగు రోజుల్లో, ఆ పైన విరమణ రాత్రి.

ఏళ్లుగా రోజూ తాగే మనిషి మాల వేసుకున్న పూటే ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. 2 నుంచి 4 రోజుల మధ్య మతి తప్పడం, లేనివి కనిపించడం రావచ్చు. దీన్ని ‘స్వామి పరీక్ష’ అని సన్నిధానంలోనే కూర్చోబెడతారు. ప్రాణం పోయే స్థితి అది. అలాంటివాళ్లు మాలకి రెండు వారాల ముందే డాక్టర్ని కలిసి, మందులతో, థయమిన్‌తో (విటమిన్ బి1) తాగుడు ఆపాలి. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో చూస్తారు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

విరమణ రాత్రి: 41 రోజుల విరామంతో శరీరానికి తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది. పాత లెక్కన హాఫ్ కొడితే పాత హాఫ్‌లా ఉండదు. ఆ మీద బండి నడపడం సరేసరి.

షుగర్ ఉన్నవాళ్లు: గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర పొద్దున్నే వేసుకుని మధ్యాహ్నం భిక్ష దాకా ఏమీ తినకపోతే 11 గంటలకి షుగర్ పడిపోతుంది. ఇన్సులిన్‌తోనూ అంతే. 70 లోపుకి వస్తే వెంటనే తినాలి, దీక్షైనా రోజా అయినా. మాత్ర వేళ మార్చడం డాక్టర్ పని, సొంతంగా చెయ్యకండి. పాదాలు మొద్దుబారినవాళ్లు చెప్పుల్లేకుండా తిరగకండి. మేకు దిగినా తెలియదు. రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోవాలి.

నల్లకుంట నుంచి

ఎవరూ ఎత్తని మాట ఒకటి. స్వామి 4:30కి లేవాలంటే ఇంట్లో మాత 4కే లేవాలి. గిన్నెలు వేరు, బట్టలు వేరు, భిక్షకొచ్చే పదిమందికి వంట. గురుస్వామి గారు చెప్పిన గుంజల్లో ఒకటి ఇంటామె. విరమణ నాడు ఆవిడ ఊపిరి పీల్చుకుంటుంది, అక్కడితో స్వామి నియమమూ అయిపోతుంది. కాబట్టి ఉంచుకునే నియమం ఇంకొకరి మెలకువ మీద ఆధారపడనిదై ఉండాలి. మీ స్నానానికి బకెట్ మీరే నింపుకోగలరా? దీపం వత్తి మీరే వేసుకోగలరా? తిన్న కంచం మీరే కడుగుతారా? దీక్షలోనే 20వ రోజు నుంచి మొదలెడితే అలవాటయ్యే వీలుంటుంది.

దిల్‌సుఖ్‌నగర్ వాసి

అమ్మా, ఈ వైపు నాకు తట్టనే లేదు. డాక్టర్ గారు, మాలకి ముందు సంగతి కూడా రాసినందుకు థాంక్స్. గురుస్వామీ, తిట్టు రాకపోవడం ఎలా నిలుపుకోవాలో చెప్పలేదు మీరు.

మల్కాజిగిరి గురుస్వామి

అది పిలుపు మీద ఉన్నది స్వామీ. ఆటోవాడిని ‘స్వామి’ అన్న నోటితోని, గాలి పీల్చకముందే బూతు రాదు. పెండ్లాన్ని ‘మాత’ అన్నంక గొంతు లేవది. మాల తీసినంక ‘స్వామి’ అంటే జనం నవ్వుతరు, అందుకని మానేస్తరు. దాని బదులు ‘మీరు’ పెట్టుకోండ్రి: కూరగాయల బండామెకు, వాచ్‌మన్‌కు, డ్రైవర్‌కు, మీకన్న చిన్నోడైనా సరే. కోపమొచ్చినా ‘నువ్వు’కు దిగొద్దు. ఇంట్ల ‘మీరు’ కుదరదంటే పేరు పెట్టి పిలిచి, ఒక్క క్షణం ఆగి మాట్లాడుండ్రి. ఆ నల్లకుంట మాత చెప్పిన కంచం సంగతి వచ్చే మండలం నుంచి కన్నెస్వాములకు, మొదటిసారి మాల వేసేటోళ్లకు, మొదటి రోజే చెప్త.